అడిగారు కాబట్టి చెప్తున్నా: బాపు గీత, వపా రంగు, మన గోడల మీది బొమ్మలు

ఈసారి ఉత్తరాల్లోనూ వాట్సాప్‌లోనూ వచ్చినవాటిలో సగానికి పైగా బొమ్మల గురించే ఉన్నాయి, కాబట్టి సినిమా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి తోసేసి ఇవే తీసుకున్నా. ఒకే సంగతి ముగ్గురు నలుగురు అడిగిన చోట ఒకరిదే వేశాం, మిగతావాళ్ళు ఏమనుకోకండి.

ప్రశ్న: పొడుగు జడ, పెద్ద కళ్ళు ఉన్న ఏ పిల్లని చూసినా బాపుబొమ్మలా ఉందనేస్తారు. అసలు బాపు బొమ్మలో ఏముందండీ? కింద సంతకం లేకపోతే ఆయనదేనని ఎలా గుర్తుపట్టాలి?
ఓ గృహిణి, భీమవరం

జవాబు: జడా కళ్ళూ చూసి పట్టుకుందామంటే ఇప్పుడు కుదరదండీ, వాటిని క్యాలెండర్లవాళ్ళూ శుభలేఖలవాళ్ళూ చీరల షాపులవాళ్ళూ ఎప్పుడో ఎత్తుకుపోయారు. గీత చూడాలి. బాపు గీత ఒకే మందంలో నడవదు, భుజం దగ్గర లావుగా మొదలై మోచేతికొచ్చేసరికి వెంట్రుకంత అయిపోయి మణికట్టు దగ్గర మళ్ళీ కాస్త ఒళ్ళు చేస్తుంది, చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది కూడా. ముక్కు అంటే ఒక చిన్న మలుపు, పాదం సగమే ఉంటుంది, గడ్డం కింద గీత ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, మిగతాది మన కన్నే పూర్తి చేసేసుకుంటుంది, చేసుకున్నట్టు మనకి తెలీదు కూడా. రెండోది నలుపు. జుట్టో రవికో గొడుగో ఏదో ఒకటి చిక్కగా నల్లగా నింపేసి మిగతా కాగితం ఖాళీగా వదిలేస్తారు, ఆ నలుపు ఎక్కడుందో ముందు చూపు అక్కడికే పోతుంది. కాపీ కొట్టేవాళ్ళు కళ్ళు దింపుతారు గానీ ఆ ఖాళీ వదలడం చేతకాదు వాళ్ళకి, వెనకాల ఒక అరటిచెట్టు, ఒక ముగ్గు, ఒక తులసికోట పెట్టేస్తారు, అక్కడే దొరికిపోతారు.

ఈ పొదుపు ఊరికే రాలేదు. 1933లో నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు, అదే మన బాపు, చదివింది లా, బొమ్మల కాలేజీ కాదు, 1955లో మద్రాసులో డిగ్రీ అయ్యాక ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు, తర్వాత జె. వాల్టర్ థాంప్సన్ అనే అడ్వర్టైజింగ్ కంపెనీలో పనిచేశారు. ఇప్పుడు ఆ రోజుల ప్రింటింగ్ గుర్తుతెచ్చుకోండి. నల్ల ఇంకుతో వేసిన బొమ్మని కెమెరాతో చిన్నది చేసి జింకు రేకు మీదకి ఎక్కించి యాసిడ్‌లో తినిపిస్తే లైన్ బ్లాకు వచ్చేది, దాన్లో నలుపు తెలుపు తప్ప మధ్యలో బూడిదరంగు అనేదే ఉండదు. పైగా పేపరేమో న్యూస్‌ప్రింటు, ఇంకు పీల్చేసుకుంటుంది. దగ్గర దగ్గరగా సన్న గీతలు గీస్తే అన్నీ కలిసిపోయి తెల్లారేసరికి పేపర్లో నల్ల మరక కనిపిస్తుంది. రోజూ పేపరుకి బొమ్మ ఇవ్వాల్సినవాడు పది గీతలు గీసే చోట రెండు గీయడం తొందరగానే నేర్చుకుంటాడు, తనలో సరుకు ఉంటే ఆ రెండే చాలేటట్టు కూడా చేస్తాడు. యాడ్ ఏజెన్సీలో ఇంకొకటి వంటపట్టి ఉంటుంది, పేజీలో బొమ్మా అక్షరమూ విడివిడి కాదని. కథ పేరు ఆయనే రాసేవారు చూడండి, తలకట్టు ఎగిరిపడుతూ, కొమ్ములు వంకరపోతూ, అది కూడా బొమ్మలో భాగమే. తర్వాత ఆ అక్షరాలే కంప్యూటర్ ఫాంటు అయ్యాయి, ఇప్పుడు టిఫిన్ సెంటర్ బోర్డు మీద కూడా కనిపిస్తాయి.

ఇంకో మాట, ఆయన మీద తమిళ పత్రిక ఆనంద వికటన్‌లో బొమ్మలు వేసిన గోపులు ప్రభావం బాగా ఉంది, ఆయన దాన్ని దాచుకున్నదీ లేదు. గోపులు తంజావూరువైపు మనిషి, గీతతో నవ్వించడంలో మహా దిట్ట. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకైతే ఒక తేడా కనిపిస్తుంది, గోపులు బొమ్మలో వీధి ఉంటుంది, ఊళ్ళో సందడంతా ఉంటుంది, బాపు దాంట్లో ఇద్దరే మనుషులు, వాళ్ళ మధ్య దూరం. ఆ దూరమే సినిమాల్లోకి కూడా వెళ్ళింది, షాట్లన్నీ ముందే బొమ్మలుగా వేసుకుని తీసేవారు కదా, ముత్యాల ముగ్గు (1975) ఇంకోసారి చూసేటప్పుడు కథ వదిలేసి ఫ్రేములో మనిషిని ఏ మూల నిలబెట్టారో అదొక్కటే గమనించండి.

ప్రశ్న: మాకు పక్కనే ఉన్న కశింకోటలో బతికిన వడ్డాది పాపయ్య గారిని బాపు గారంత తలుచుకోరేం? నాకైతే ఆయనే పెద్ద.
రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, అనకాపల్లి

జవాబు: మాస్టారూ, మీ కోపంలో న్యాయం ఉంది. నేను చెప్పే కారణం మీకు నచ్చకపోవచ్చు గానీ, బాపు బొమ్మ ఎక్కడ అచ్చేసినా చెడదు, నల్ల గీత కదా, జిరాక్స్ తీసినా బాపే. వపా, అంటే మీ వడ్డాది పాపయ్య గారి బొమ్మ ప్రాణం రంగులో ఉంది, ఆ రంగు ఏ ప్రింటులోనూ పూర్తిగా బతకలేదు. మనలో నూటికి తొంభైమంది ఆయన ఒరిజినల్ ఒక్కటి కూడా చూడలేదు, యువ దీపావళి సంచికల్లోనూ చందమామ అట్టల మీదా చూసిందే. అంటే మనం మెచ్చుకుంటున్నది సగం వపానే అన్నమాట, మిగతా సగం బ్లాకు మేకర్ దగ్గరే ఆగిపోయింది.

కుర్రవాళ్ళ కోసం చెప్తున్నా, ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, 1992లో పోయారు. బతుకుతెరువు డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం. మద్రాసుకి మకాం మార్చి పత్రికాఫీసుల చుట్టూ తిరిగినవారు కాదు, బొమ్మలే ఊళ్ళోంచి వెళ్ళేవి. యువ, చందమామ రెండిటికీ వెనక చక్రపాణి గారు ఉండటం ఆయనకి కలిసొచ్చింది, రంగు విషయంలో ఖర్చుకి వెనకాడని మనిషి చక్రపాణి.

ఇక ఆ రంగు సంగతి. ఆయన నీడకి నలుపు వాడరు, అసలు గుట్టంతా అక్కడుంది. ఒంటి మీద ఎండ పడ్డ చోట పసుపు, నారింజ, నీడ పడ్డ చోట నీలమో ఊదానో ఆకుపచ్చో ఉంటుంది, అందుకే ఆ మనుషులు లోపల్నుంచి వెలుగుతున్నట్టు కనిపిస్తారు. వెలుగు చాలాసార్లు వెనకనుంచో పక్కనుంచో వస్తుంది, జుట్టు అంచునా భుజం అంచునా ఒక సన్నటి బంగారు గీత పడుతుంది. మబ్బు, కొండ, నీళ్ళు ఒకదాంట్లోకి ఒకటి జారిపోతాయి, మనిషి మాత్రం గట్టిగా, ఒడ్డూ పొడుగుతో నిలబడతాడు. ఆడవాళ్ళ విషయంలో కొంచెం ఎక్కువే చేశారని నాకు అనిపిస్తుంది, ఆ నడుములూ ఆ వయ్యారాలూ ఒక్కోచోట బొమ్మని మింగేస్తాయి, మీరు ఒప్పుకోరని తెలుసు. కానీ దేవుళ్ళని వేసినప్పుడు చూడండి, రాక్షసుణ్ణి వేసినప్పుడు ఇంకా చూడండి, అక్కడ ఆయనకి పోటీ లేరు, మన ఉత్తరాంధ్ర పల్లెల మనుషులూ కొండజాతి ఆడవాళ్ళూ ఆ నగలతో ఆ ఒంటితీరుతో పురాణాల్లోకి నడిచొచ్చినట్టు ఉంటారు.

ప్రశ్న: పాత చందమామ స్కాన్‌లు ఐప్యాడ్‌లో పెట్టి మా పిల్లలకి చూపిస్తున్నా. చిత్రా, శంకర్ అని రెండు సంతకాలు కనిపిస్తున్నాయి. మా ఎనిమిదేళ్ళ పాప సంతకం చూడకుండానే ఎవరిదో చెప్పేస్తోంది, నాకు మాత్రం అన్నీ చందమామ బొమ్మలే. తేడా ఏంటి సార్?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగుళూరు

జవాబు: పాపని బొమ్మల క్లాసులో వేయండి ముందు.

తేడా చాలానే ఉంది. శంకర్ గారు, అసలు పేరు కె.సి. శివశంకరన్, మద్రాసు ఆర్ట్ స్కూల్లో పద్ధతిగా నేర్చుకున్న మనిషి, 1950ల మొదట్లో చందమామలో చేరి ఆ పత్రిక ఉన్నన్నాళ్ళూ దాదాపు అరవయ్యేళ్ళు అక్కడే వేశారు. ఆయన బొమ్మలో ఖాళీ ఉండదు. స్తంభం ఉంటే స్తంభం మీద శిల్పం, శిల్పం మెడలో హారం, గుర్రం ఉంటే జీను మీద కుట్టుపని, ఇవన్నీ ఉంటాయి, అయినా కంగాళీగా ఉండదు, ఎందుకంటే ఎవరు ముందు ఎవరు వెనక అనేది ముందే లెక్కేసుకుని కూర్చుంటారు. ఒంటి కొలతలు తప్పవు, కత్తి పట్టుకున్న చెయ్యి నిజంగా బరువు మోస్తున్నట్టే ఉంటుంది. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, ఆ విక్రమార్కుడి బొమ్మ ఆయనదే, దేశంలో ఏ భాషవాడిని అడిగినా బేతాళుడంటే అదే కళ్ళముందుకొస్తుంది. 2020లో తొంభయ్యారేళ్ళకి పోయారు, 2021లో పద్మశ్రీ ప్రకటించారు, అంటే పోయాక. ఆలస్యం అనే మాట కూడా చిన్నదే దీనికి.

చిత్రా అంటే టి.వి. రాఘవన్, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, సొంతంగా పట్టుబడిన చెయ్యి. గీత శుభ్రంగా, తేలిగ్గా ఉంటుంది, నగలూ నగిషీలూ తక్కువ, మొహంలో హావభావం ఎక్కువ. భయపడ్డవాడు నిజంగా భయపడతాడు, మోసగాడి మొహం చూస్తే నాలుగో పేజీలో ఏం చేస్తాడో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్‌కి, తోకచుక్క మొదలుకుని, రెండు తలల జంతువులూ మొసలి మొహం మనుషులూ మాంత్రికులూ అందరూ ఆయన చేతిలోంచి వచ్చినవాళ్ళే. లేని జంతువుని వేయాలంటే కొలతలు ఎవరూ నేర్పరు కదా, అది నడిస్తే ఎలా నడుస్తుందో తనే ఊహించాలి, అక్కడ చిత్రా రాజు. 1978లో పోయారు.

మీ పాప ఎలా చెప్పేస్తోందో నేను ఊహించగలను, చూపు ముందుగా మొహం మీదికి పోతే చిత్రా, గది మీదికి పోతే శంకర్. ఒక సంగతి చెప్పండి తనకి, చందమామ అన్ని భాషల్లో వచ్చేది కదా, బొమ్మ ఒకటే, పక్కన అక్షరాలు మాత్రం మారేవి. కాబట్టి బొమ్మలో బోర్డులూ రాతలూ ఉండకూడదు, రాజు ఏ రాష్ట్రంవాడో తేలకూడదు, ఆ తలపాగా తెలుగువాడికీ తమిళుడికీ ఒరియావాడికీ తమదే అనిపించాలి. ఎవరి ఊరూ కాని ఆ ఊరు వీళ్ళిద్దరూ కలిసి కట్టిందే.

ప్రశ్న: చందమామ శంకర్, ఢిల్లీలో శంకర్స్ వీక్లీ నడిపిన శంకర్ ఒకరేనా? క్విజ్‌లో గొడవైంది.
డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: కాదు. వీక్లీ శంకర్ అంటే కేరళకి చెందిన కేశవ శంకర్ పిళ్ళై, పొలిటికల్ కార్టూనిస్టు, 1948లో పత్రిక పెట్టారు, 1975లో ఎమర్జెన్సీ రోజుల్లో మూసేశారు. ఢిల్లీలో ఆటబొమ్మల (డాల్స్) మ్యూజియం, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ కూడా ఆయన పెట్టినవే. క్విజ్ మాస్టర్ ఒకరేనన్నాడంటే మార్కు తిరిగి ఇప్పించుకోండి.

ప్రశ్న: మా తాతగారి దేవుడి గదిలో పాత లక్ష్మీదేవి పటం ఉంది, కింద రవివర్మ ప్రెస్ అని ఉంది. లక్షలు పలుకుతుందని బంధువులు అంటున్నారు, ఇప్పుడు అన్నదమ్ముల మధ్య పంచాయితీ కూడా మొదలైంది. నిజంగా అంత ఉంటుందా?
పేరు వద్దన్న పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు పంచాయితీ ఆపండి. మీ దగ్గరున్నది రవివర్మ చేత్తో వేసిన బొమ్మ కాదు, అచ్చు. ఆయిల్ పెయింటింగ్ అయితే వేరే లెక్క, అవి కోట్లలో అమ్ముడవుతున్నాయి, బంధువులు ఆ వార్తలు చదివి మీ పటానికి అంటగడుతున్నారు.

జరిగిందేమిటంటే, కిళిమానూరు రవివర్మ (1848-1906) పేరంతా రాజుల కోటల్లో ఉండగానే 1894లో బొంబాయిలో లిథో ప్రెస్, అంటే రాతి మీదనుంచి అచ్చేసే ప్రెస్ పెట్టారు, జర్మనీనుంచి మిషన్లు, పనివాళ్ళు, తర్వాత దాన్ని లోనావ్లా దగ్గర మలవ్లీకి మార్చారు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. బొమ్మని రంగులుగా విడదీసి ఏ రంగు ఎక్కడెక్కడుందో చేత్తో చుక్కలు చుక్కలుగా రాతి మీద వేసుకుని, కాగితాన్ని వరసగా ఆ రాళ్ళన్నిటి కిందా నడిపించాలి, ఒక్క రాయి వెంట్రుకవాసి జరిగినా లక్ష్మీదేవికి రెండు ముక్కులు వస్తాయి. చివర్లో వార్నిష్ కొడితే ఆయిల్ పెయింటింగ్‌లా మెరుస్తుంది. ప్రెస్ ఆయనకి డబ్బులు తేలేదు, అప్పులు తెచ్చింది, 1900ల మొదట్లో అక్కడ పనిచేసే ష్లైషర్ అనే జర్మన్‌కే అమ్మేశారు. ఇక్కడ మీరు చూడాల్సిన పాయింటు ఉంది, అమ్మేశాక కూడా పేరు రవివర్మ ప్రెస్సే, కానీ అచ్చయినవన్నీ రవివర్మ బొమ్మలు కావు, వేరే ఆర్టిస్టులవీ బోలెడు అదే పేరుతో బయటికొచ్చాయి. 1972లో ఆ ప్రెస్ తగలబడిపోయింది.

ఒక భూతద్దం తీసుకుని అమ్మవారి చెంప చూడండి. చుక్కలు చిన్నా పెద్దా, అడ్డదిడ్డంగా, చేత్తో పెట్టినట్టు ఉంటే లిథో. వరసగా గళ్ళు గళ్ళుగా, చిన్న చిన్న పువ్వుల్లా తిరిగి ఉంటే ఆఫ్‌సెట్, అంటే ఆ తర్వాతెప్పుడో వేసిన రీప్రింటు. లిథో అయితే దానికి కలెక్టర్లున్నారు, మంచి ధరే వస్తుంది గానీ ఇల్లు కట్టేంత రాదు. చీర మీద జరీ, చమ్కీలు అంటించి ఉన్నాయేమో కూడా చూడండి, అప్పట్లో ఇళ్ళల్లో ఆడవాళ్ళు పటానికే చీర కుట్టి నగలు అతికించేవాళ్ళు, అవి మాత్రం పీకకండి. తడిగుడ్డ పెట్టి తుడవకండి. ఫ్రేము విప్పి పాత అట్ట తీసేసి, దాని బదులు యాసిడ్ లేని అట్ట వేయించండి, కట్టించేవాడికి గట్టిగా చెప్పకపోతే అంచులు కత్తిరించేస్తాడు, ప్రెస్ పేరు ఉండేది ఆ అంచు మీదే.

ఆయన శైలి గురించి ఇంకో ప్రశ్న విజయవాడనుంచి వచ్చింది, రవివర్మ దేవతలు ఫొటోల్లా ఉంటారు, భక్తి రాదు అని. ఆయన కావాలని చేసిందే అది, తంజావూరు పటంలో దేవుడు మనవైపే చూస్తూ పలక మీద అతికించినట్టు ఉంటాడు, రవివర్మ దేవుడికి బరువుంది, నీడ పడుతుంది. మన సినిమా దేవుళ్ళందరూ ఆ నీడలోంచి వచ్చినవాళ్ళే, భక్తి రాలేదంటే మన ఇళ్ళల్లో పటాలు ఏమయ్యేవి?

ప్రశ్న: మా ఊళ్ళో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది, రోజూ దాని మీదుగానే కాలేజీకి వెళ్తా. లోపలికి వెళ్తే అర్థం చేసుకోవడానికి ఏం చూడాలి?
ఇంటర్ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ముందు వయసు గుర్తుపెట్టుకుని వెళ్ళమ్మా. 1897 మార్చిలో పుట్టి 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. ఆ గోడల మీద నువ్వు చూసేదంతా ఓ కుర్రాడు కొద్ది ఏళ్ళలో చేసిన పని.

మీ ఊరి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన తనూ బొమ్మలు వేసేవాడు, ఈ కుర్రాడి చెయ్యి చూసి 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. అడివి బాపిరాజు గారు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. అప్పుడు దేశంలో రెండు దారులున్నాయి, బొంబాయిలో మనిషిని ఎదురుగా కూర్చోపెట్టి కండా ఎముకా నేర్పేవాళ్ళు, బెంగాల్‌లో అదంతా తెల్లవాడి పద్ధతని తోసేసి, కాగితాన్ని మళ్ళీ మళ్ళీ నీళ్ళలో తడిపి రంగుని కడిగి కడిగి పొగమంచులా చేసేవాళ్ళు, వాష్ పద్ధతి. బందరు జాతీయ కళాశాలకి ప్రమోద కుమార్ చటర్జీ వచ్చి ఆ బెంగాల్ పద్ధతే నేర్పారు, బాపిరాజు గారు ఆ దారిన వెళ్ళారు. దామెర్ల రెండిటి మధ్యా నడిచాడు. ఒంటితీరు బొంబాయిది, గీత మాత్రం అజంతా గోడలవైపు చూసినది, పొగమంచు లేదు.

ఋష్యశృంగ బంధనం ముందు కాసేపు నిలబడు. ఆడవాళ్ళంటే ఎరగని ముని కుర్రాణ్ణి మాయచేసి పట్టుకుపోయే కథ కదా, అందులో చేతులు ఎలా తిరిగాయో, ఒకరి వంపులోంచి ఇంకొకరి వంపులోకి గీత ఎక్కడా తెగకుండా ఎలా ప్రయాణం చేసిందో చూడు. పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం కూడా చూడు, అందులో బట్టల మడతలు రవివర్మలా బరువుగా వేలాడవు, గీతలా పారతాయి. ఒక చిన్న పుస్తకం, పెన్సిల్ తీసుకెళ్ళి ఒక్క చెయ్యి మాత్రం చూసి గీసుకో, ఫోన్‌లో ఫొటో తీసుకుంటే ఇంటికెళ్ళాక చూడవు. ఆయనతో కలిసి అక్కడ స్కూలు పెట్టి, ఆయన పోయాక దాన్ని నిలబెట్టిన వరదా వెంకటరత్నం గారి పేరు కూడా అడుగు అక్కడివాళ్ళని, ఆ మనిషి లేకపోతే నువ్వు దాటుకుంటూ పోవడానికి ఆ బిల్డింగే ఉండేది కాదేమో.

ప్రశ్న: ట్యాబ్ మీద బొమ్మలు వేస్తా. ఇన్‌స్టాలో అందరూ నీకంటూ ఓ స్టైల్ ఉండాలి బ్రో అంటున్నారు. పొద్దున జపాన్ స్టైల్, సాయంత్రం బాపు స్టైల్ వేస్తున్నా. ఇప్పుడు ఏఐలో బాపు స్టైల్ అని కొడితే రెండు సెకన్లలో వచ్చేస్తోంది. ఏం చెయ్యమంటారు?
పందొమ్మిదేళ్ళ ఆర్టిస్ట్, హైదరాబాద్

జవాబు: జపాన్ అన్నావు కాబట్టి అక్కడినుంచే వస్తా. ఆ పెద్ద అల బొమ్మ నీ ఫోన్ కవర్ మీద కూడా ఉండే ఉంటుంది, హొకుసాయ్‌ది, 1831 ప్రాంతంలోది. అది వేసేసరికి ఆయనకి డెబ్భై ఏళ్ళు. ఆ అల అంచు పులి గోళ్ళలా ఎందుకుందో ఆలోచించావా? ఆయన వేసింది కాగితం మీద, కానీ దాన్ని చెక్క మీద అతికించి ఉలితో చెక్కేది వేరే మనిషి, అద్దేది ఇంకో మనిషి. ఉలి పోగలిగే దారినే గీత ఉండాలి, కాబట్టి నీళ్ళకి కూడా అంచు కావాలి. ఆ నీలం ప్రష్యన్ బ్లూ, జర్మనీలో పుట్టిన రంగు, జపాన్‌లో అప్పుడప్పుడే చవగ్గా దొరకడం మొదలైంది, పబ్లిషర్ దాన్ని చూపించి బొమ్మలు అమ్ముకుందామనుకున్నాడు. ఫూజీ కొండ పేరుతో వేసిన ముప్పయ్యారు దృశ్యాల్లో అది ఒకటి, అమ్ముడుపోయేసరికి ఇంకో పది కలిపారు. ఇందులో నాకంటూ ఓ స్టైల్ కావాలి అని ఆయన కూర్చున్న చోటు ఎక్కడుంది చెప్పు. ఉలి, రంగు రేటు, పబ్లిషర్ తొందర, డెబ్భై ఏళ్ళ చెయ్యి, ఇవి కలిస్తే ఆ అల వచ్చింది. పైన జింకు బ్లాకు గురించి చెప్పిందీ ఇదే.

నీ ట్యాబ్‌లో బ్రష్షులు వందలున్నాయి, రంగులు కోట్లున్నాయి, తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు, నీ ఇబ్బంది అదే. ఒక నెల పాటు ఒకే బ్రష్షు, నలుపొక్కటే, అన్‌డూ లేదు అని పెట్టుకో. అమీర్‌పేట మెట్రోలో నిలబడ్డవాళ్ళని వెయ్యి, సెల్‌ఫోన్ చూసే మెడలు, బ్యాగులు, నిద్రపోయే నోళ్ళు. వాళ్ళు కదిలిపోతారు కాబట్టి ఏది వదిలెయ్యాలో అక్కడికక్కడే తేల్చుకోవాల్సి వస్తుంది. నువ్వు ప్రతిసారీ వదిలేసేది ఏదో, వదలలేనిది ఏదో నీ ఫ్రెండ్స్‌కి నీకంటే ముందు కనిపిస్తుంది.

ఏఐ బాపు గురించి పెద్దగా కంగారుపడకు, భీమవరం ఆవిడకి చెప్పిన పరీక్ష దానికీ పెట్టు, ఖాళీ ఎక్కడ వదిలిందో చూడు. నేను చూసినవాటన్నిట్లో అరటిచెట్టు ఉంది.

ప్రశ్న: హాల్లోకి తోట వైకుంఠం ప్రింటు కొందామంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. అన్నీ ఒకటే మొహం, ఒకటే బొట్టు, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే కదా అంటోంది. ఏమని చెప్పమంటారు?
ఓ భర్త, డల్లాస్

జవాబు: మీ ఆవిడ అన్నది తప్పని చెప్పను, చాలామంది క్రిటిక్స్ అంటున్నదే ఆవిడ సూటిగా అంది. కానీ ఎదుటిపక్షం వాదన కూడా వినిపించండి.

వైకుంఠం గారు 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు, హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. అంతదాకా మన పత్రికల్లో, క్యాలెండర్లలో తెలుగు అందగత్తె అంటే ఎర్రగా, సన్నగా, గోదావరి ఒడ్డున ఉండేది. ఈయన నల్లటి ఒళ్ళు, నిండు భుజాలు, రూపాయి కాసంత బొట్టు, ముక్కుపుడక, చేతినిండా గాజులు, ఎర్రచీరతో తెలంగాణ పల్లె ఆడమనిషిని కాన్వాసు నిండా కూర్చోబెట్టారు, ఆవిడ మనవైపు చూడాల్సిన అవసరం కూడా లేనట్టు పక్కకి తిరిగి ఉంటుంది. రంగులు కలపరు, ఎరుపంటే ఎరుపే, కుంకుమలోంచి తీసినట్టు. బి. నర్సింగరావు గారి దాసి (1988) సినిమాకి ఆర్ట్ డైరెక్షన్ చేసి నేషనల్ అవార్డు తీసుకున్నారు, ఆ గడీలో గోడలూ చీరలూ చూస్తే ఈ బొమ్మల వెనకాల ఇల్లు ఎలాంటిదో తెలుస్తుంది.

మళ్ళీ మళ్ళీ ఒకటే వేయడం గురించి అయితే, బెంగాల్ జామినీ రాయ్ (1887-1972) ముందు తెల్లవాళ్ళ పద్ధతిలో పోర్ట్రెయిట్లు వేసి బాగానే సంపాదిస్తున్నవాడు, అదంతా వదిలేసి పల్లె పటాల దారి పట్టాడు, చింతగింజల జిగురు, రాళ్ళ రంగులు, అదే పెద్ద కళ్ళ మొహం వందలసార్లు వేసి చవగ్గా అమ్మాడు. ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలన్నది ఆయన పట్టుదల, ఒకే ఒక్క కాపీ అనే గొప్ప ఆయనకి అక్కర్లేదు. వైకుంఠం గారి సంగతి అది కాదు, ఆయన బొమ్మలకి రేట్లు బాగా ఎక్కువ. నా అభిప్రాయం అడిగితే, మొదట్లో చార్‌కోల్‌తో వేసిన మనుషుల్లో ఉన్న గరుకు తర్వాతి మెరుపు కాన్వాసుల్లో కొంత తగ్గింది, చీర అంచు ముస్తాబు పెరిగేకొద్దీ మనిషి కొంచెం బొమ్మైపోయింది. అయినా పది ఒకేసారి చూసి ఒకటేలా ఉన్నాయనడం అన్యాయం, ఒక్కటి గోడ మీద ఒంటరిగా పెట్టి చూడాలి. కొంటే గ్యాలరీ కాగితాలతోనే కొనండి, ఈయన పేరుతో దొంగ బొమ్మలు మార్కెట్లో తిరుగుతున్నాయి.

ఆవిడ అప్పటికీ వద్దంటే లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లు చూపించండి. నిజాంపూర్ మనిషి, బరోడాలోనే నేర్చుకున్నారు, రేకు మీద మైనం పూసి సూదితో గీసి యాసిడ్‌లో ముంచి తీసేవి. మేకలు, పొదలు, పల్లెటూరి మొగుడూపెళ్ళాలు, వెంట్రుకంత గీతలు వేలకొద్దీ ఉంటాయి, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టు అస్సలు కాదు. అయితే కొన్ని బొమ్మల్లో ఆ మొగుడూపెళ్ళాలకి ఒంటిమీద బట్టలుండవు, అత్తగారు ఇండియానుంచి ఆరు నెలలకి వస్తున్నారేమో ముందు కనుక్కుని ఆర్డర్ పెట్టండి.